జూన్‌లో కొడైకానల్

13 ఫిబ్రవరి 1994, ఆదివారం, కోవిల్‌పట్టి

మొత్తానికి ఈ ఏడాది కొడైకానల్ వెళ్తున్నాం. నేనూ, అన్న కూతురు ఉషా.

మధ్యాహ్నం అన్నం తింటూ తేల్చేసింది. ఏప్రిల్‌తో దాని డిగ్రీ పరీక్షలు అయిపోతాయి. "నెల మాత్రం నువ్వే సూడు అత్తా. నువ్వు ఎప్పుడంటే అప్పుడు పోదాం" అంది. ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్న మాట. నాకు నలభై నాలుగు వచ్చాయి. పొద్దున ఇక్కడ బస్సెక్కితే సాయంత్రానికి చేరే ఊరు, ఇంతవరకూ చూడలేదు.

ఎందుకంత ఇష్టమని అడిగితే సరస్సు అంటాను, చలి అంటాను. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. అక్కడ అందరూ స్వెట్టర్లు వేసుకుంటారట, చేతులకు తొడుగులు, తలకు టోపీలు. మూతి దాకా మఫ్లరు. అలాంటి ఊళ్ళో నా బొల్లి మచ్చలు ఎవరికి కనబడతాయి? ఇక్కడ ఏప్రిల్ ఎండలో మణికట్టు దాకా చేతుల రవిక వేసుకుని నడుస్తుంటే చూడనివాళ్ళు కూడా చూస్తారు. అక్కడ మూడు రోజులు అందరిలాంటి మనిషిగా తిరగొచ్చు.

ఈ మాటలు తెలుగులో రాసుకుంటున్నాను కాబట్టి పుస్తకం బల్ల మీద వదిలేసినా భయం లేదు. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం నా ఒక్కదానికే వచ్చు. అమ్మ చిత్తూరు వైపు నుంచి వచ్చింది కాబట్టి నాకు అక్షరాలు దిద్దించింది. అన్న నేర్చుకోలేదు. ఉషకి నేర్పుదామని ఎన్నోసార్లు అనుకున్నాను, కుదరలేదు.

17 ఫిబ్రవరి

మా టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ట్రంకు బోర్డు మీద ఇవాళ కొడైకానల్ ఆపరేటరు మారియమ్మాళ్ దొరికింది. మదురై లైను ఖాళీగా ఉంటే రెండు మాటలు మాట్లాడుకుంటాం. తొమ్మిదేళ్ళుగా గొంతు తెలుసు, మనిషిని చూడలేదు. ఎక్స్‌చేంజిలో ఉద్యోగం నాకు నచ్చింది కూడా అందుకే.

ఏ నెలలో రమ్మంటావని అడిగాను. తమిళంలో గలగలా చెప్పుకుపోయింది. ఏప్రిల్, మే అసలు రావద్దంది. సరస్సు చుట్టూ తలలే తప్ప నీళ్ళు కనబడవట. జూన్, జూలైలో గాలీ వానా, పక్క మనిషి కనబడనంత పొగమంచు. అక్టోబరు, నవంబరు మరీ పెద్ద వానలు, ఒక్కోసారి ఘాట్ రోడ్డు మీద మట్టి విరిగిపడుతుంది. డిసెంబరు, జనవరి ఆకాశం శుభ్రంగా ఉంటుంది గానీ పొద్దున గడ్డి మీద మంచు పేరుకునే చలి.

"ఇవన్నీ మామూలు ఏడాదికి చెప్పే మాటలు" అంది. "ఈ ఏడు కురింజి పూస్తుంది. పన్నెండేళ్ళకి ఒకసారి. సెప్టెంబరులో రా. కొండ కొండంతా నీలంగా ఉంటుంది. ఇప్పుడు రాకపోతే మళ్ళీ రెండువేల ఆరు."

18 ఫిబ్రవరి

సెప్టెంబరు.

6 మార్చి, ఆదివారం

మారియమ్మాళ్ ఎప్పుడు దొరికినా అక్కడ ఎలా ఉందో అడిగి రాసుకుంటున్నాను. నిన్న: పొద్దున మంచు, పదికల్లా మంచి ఎండ. ఇక్కడ అప్పుడే నల్లరేగడి బీటలు తీస్తోంది.

ఉష ఉత్తరం వచ్చింది. చదువు బాగా సాగుతోందట. కాలేజీ కోసం విరుదునగర్‌లో వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి మూడేళ్ళవుతున్నా, నాకింకా రెండు పళ్ళేలు పెట్టే అలవాటు పోలేదు. వదిన పోయినప్పుడు దానికి పదిహేను నెలలు. అన్న పప్పుల మండీ చూసుకుంటూ బిడ్డని పెంచలేనని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నాలుగేళ్ళప్పుడు ఒకసారి నా చెయ్యి పట్టుకుని "అత్తా, నీ చేతిలో మబ్బులు ఉండాయి" అంది. అద్దం ముందు ఏడవడం ఆ రోజుతో మానేశాను.

24 ఏప్రిల్

పరీక్షలు అయిపోయాయి. ఉష నాలుగు రోజులు ఉండి వెళ్ళింది. సెప్టెంబరు అంటే సరేనంది. నీలం చీర కట్టుకుంటుందట, పూలలో కనబడకుండా పోవడానికి.

15 మే, ఆదివారం

అన్న వచ్చాడు. తూత్తుకుడి నుంచి ఉషకి సంబంధం వచ్చిందట. మనవాళ్ళే, ఉప్పు మడులు ఉన్నాయి. పిల్లాడి పేరు ప్రభాకరన్, హార్బరులో ఉద్యోగం. పేరు వినగానే నచ్చింది.

"ఎప్పుడు వస్తారన్నా సూసేదానికి? నేను ముందురోజే వచ్చి వంట సేస్తా" అన్నాను.

"ఇంకా ఏమీ తేలలేదు వాసుకి. ఆడి నెల పోనీ. అప్పుడు సూస్తాం."

అది నిజమే. ఆడిలో ఎవరూ శుభకార్యాలు తలపెట్టరు. జూలై మధ్య నుంచి నెలరోజులు ఆ ఊసే ఉండదు.

వెళ్ళబోతూ చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఆగాడు. "కొడైకి పోవాలంటివంట గదా. జూన్‌లో పోయిరా."

"జూన్‌లో వానలన్నా. మేం సెప్టెంబర్ అనుకుంటిమి."

"సెప్టెంబర్లో ఏం పనులు వస్తాయో. జూన్ పదిహేడుకి నా స్నేహితుడి రూము ఖాళీగా ఉండాది. మూడు దినాలు. నువ్వు యోసన సేసి సెప్పు."

అన్నకి నా కొడైకానల్ గుర్తుంది. అదే ఎక్కువ.

22 మే

ఉష వచ్చింది. నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది, చాలా రోజులకి.

"అత్తా, జూన్‌లోనే పోదాం."

"కురింజి వద్దా?"

"సెప్టెంబరుకి నేను యాడుంటానో, ఎవరి ఇంట్లో ఉంటానో. ఇప్పుడైతే నేను నీదాన్ని."

దాని జుట్టు నిమిరాను. పెళ్ళికి ముందు నాతో మూడు రోజులు గడపాలనుకుంటోంది పిల్ల. పూలదేముంది. వానలో కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి. జనం ఉండరు. చలి కూడా ఎక్కువే, తొడుగులు వేసుకోవడానికి జూనే మంచిది.

మారియమ్మాళ్‌కి చెప్తే, "జూన్ ఎవరు ఎంచారు?" అంది.

నేనే అన్నాను.

5 జూన్, ఆదివారం, విరుదునగర్

అన్న ఇంటికి చెప్పకుండా వచ్చాను. గోడలకి సున్నం వేయిస్తున్నాడు. వానలు రాకముందు వేయించడం మంచిదేగా. మండీలో లెక్కలు రాసే శంకరలింగం హాల్లో కూర్చుని ఏవో పేర్ల జాబితా రాస్తున్నాడు. నన్ను చూసి నిలబడి దండం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మండీ పని అయి ఉంటుంది.

ఉష మంచం మీద ఎర్రపట్టు రవిక. నేను లోపలికి వెళ్ళేసరికి దాని మీద పేపరు కప్పింది.

"ఏంటికిదీ?"

"దీపావళికి అత్తా."

జూన్‌లోనే కుట్టించేసుకుంది. ముందుచూపు ఉన్న పిల్ల.

16 జూన్

ఉషకి జ్వరం. అన్న ఎక్స్‌చేంజికి ఫోన్ చేసి చెప్పాడు. ప్రయాణం మానేద్దామన్నాను. "రూము పాడుసేయొద్దు వాసుకి. బొమ్మక్క తోడు వస్తాది. ఉషకి నేను ఉండా గదా" అన్నాడు. బొమ్మక్క మా పెద్దనాన్న భార్య, పుదూరు పక్క పల్లెలో ఉంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషికి కొండ మీద ఏం పని అని అడగబోయి ఊరుకున్నాను.

ఉషని చూడటానికి వస్తానంటే, నిద్రపోతోంది వద్దన్నాడు.

17 జూన్, కొడైకానల్

అన్న తెల్లవారకముందే బయల్దేరి కోవిల్‌పట్టి బస్టాండుకి బొమ్మక్కని తీసుకొచ్చాడు. నన్ను బస్సెక్కించడానికి అన్న రావడం ఇదే మొదటిసారి. కిటికీలోంచి ఒక పొట్లం ఇచ్చాడు. నల్ల ఊలు చేతి తొడుగులు. నా మనసులో మాట ఎవరికీ తెలియదనుకున్నాను.

వాన. ఘాట్ రోడ్డు మొదటి మలుపు నుంచి ఆగలేదు.

18 జూన్

పొగమంచు. లోయ ఉందన్న చోట తెల్లగా ఉంది. సరస్సు ఉందన్న చోట తెల్లగా ఉంది. తొడుగులు తడిసి బరువెక్కాయి, తీసి ఆరేశాను. రోడ్డు మీద ఉన్న నలుగురూ గొడుగుల కింద ఉన్నారు. ఎవరి చేతులూ ఎవరూ చూడడం లేదు. కోరుకున్నది ఇదే కదా.

బొమ్మక్క దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఏం మాట్లాడించినా "ఊ" తప్ప బదులు లేదు. నా ముఖం వైపు చూడదు.

19 జూన్, ఆదివారం

వరసగా రాయాలి.

పది గంటలకి ఎక్స్‌చేంజికి వెళ్ళాను. మారియమ్మాళ్‌కి ఇవాళ డ్యూటీ ఉందని తెలుసు. గొంతుని బట్టి సన్నగా ఉంటుందనుకున్నాను, లావుపాటి మనిషి. నా చేతులు చూసింది, మొహం చూసింది, "సెప్టెంబరు అని చెప్పాను కదా" అని నవ్వి టీ పోసింది. అంతే. తొమ్మిదేళ్ళ స్నేహంలో నేను చెప్పని సంగతి ఆమెని ఒక్క క్షణం కూడా ఆపలేదు.

ఉష జ్వరం ఎలా ఉందో కనుక్కుందామని విరుదునగర్‌కి కలపమన్నాను. ఇంట్లో ఫోన్ లేదు, మండీకే. ఆదివారం ఎవరూ ఉండరేమో అనుకున్నాను గానీ శంకరలింగం ఎత్తాడు. ఇరవై ఏళ్ళ అలవాటు, అన్నని కూడా ఆపరేటరులాగే అడిగాను: "కొడైకానల్ నుంచి ట్రంక్ కాల్. హరికృష్ణన్ గారు ఉన్నారా?"

నన్ను ఆపరేటరు అనుకున్నాడు.

"ముదలాళి లేరమ్మా. ఇవాళ వాళ్ళ పాప నిశ్చితార్థం. అందరూ మండపంలో ఉన్నారు. నేను తాంబూలం సంచులు మర్చిపోయి తీసుకెళ్ళడానికి వచ్చాను. ఎవరు మాట్లాడాలన్నారని చెప్పను?"

వెనక మేళం లేదు, ఏమీ లేదు. సంచుల చప్పుడు మాత్రం వినబడింది.

"పార్టీ లైన్లో లేరు" అన్నాను. పెట్టేశాను.

మారియమ్మాళ్ లైను మీదే ఉంది. అన్నీ విని, రెండో టీ పోసింది. నేను తాగానో లేదో గుర్తు లేదు.

రూముకి వచ్చి బొమ్మక్కని అడిగాను. ముసలామె దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నన్ను తిట్టొద్దు తల్లీ. మాప్పిళ్ళ ఇంటోళ్ళు నిన్ను సూస్తే, ఈ రోగం పిల్లకీ వస్తాదని సంబంధం వద్దంటారంట. మూడు దినాలు నిన్ను కొండ మీద పెట్టుకోమని మీ అన్న సెప్పె."

"ఉషకి తెలుసా?"

బొమ్మక్క తల అడ్డంగా ఊపి ఉంటే బాగుండేది.

20 జూన్

తిరుగు ప్రయాణం. దిగుతుంటే ఎండ వచ్చింది.

26 జూన్, ఆదివారం

విరుదునగర్ వెళ్ళాను. గుమ్మానికి మామిడాకులు వాడిపోయి ఉన్నాయి, తీయడం మర్చిపోయారు.

అన్న నన్ను చూడగానే అర్థం చేసుకున్నాడు. దాచలేదు. కుర్చీ చూపించాడు, నేను కూర్చోలేదు.

"నాకు ఇంకో దారి లేదు వాసుకి. ఆ ఇంటోళ్ళు సానా పట్టింపు మనుషులు. ఒక్క మాట అంటే పిల్ల బతుకు పాయె గదా. నీ బిడ్డ బాగుండాలని నీకు లేదా?"

"సెప్పి ఉంటే నేనే రాకుండా ఉందును గదా."

"సెప్తే నీకు బాధ గదా."

ఉష తలుపు వెనక నిలబడి ఉంది. పిలిచాను. వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. నా పాదాల మీద చెయ్యి వేసి ఉంచింది. ఎందుకు చెప్పలేదని నేను అడగలేకపోయాను.

బయల్దేరుతుంటే అన్న మెట్ల దాకా వచ్చాడు. గొంతు తగ్గించి, చిన్నపిల్లని బుజ్జగించినట్టు అన్నాడు: "పెళ్ళి ఆవణిలో, సెప్టెంబర్ పదకొండు. నీకు ఆ కురింజి పూలు సూడాలని ఉండె గదా. అప్పుడు పంపిస్తా. ఈ తూరి వారం దినాలు ఉండి రా."

3 జూలై

వాళ్ళ తప్పేముంది. తూత్తుకుడి వాళ్ళు అలాంటి మనుషులైతే అన్న ఏం చేస్తాడు, ఉష ఏం చేస్తుంది. పాపం అది ఆ రోజంతా పీటల మీద కూర్చుని ఎంత బాధపడి ఉంటుందో.

10 జూలై

వాళ్ళ తప్పేముంది.

24 జూలై, ఆదివారం

తూత్తుకుడి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఏం అడుగుదామని వెళ్ళానో బస్సులో కూడా తేలలేదు. పెళ్ళిలో ఎక్కడో వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చుంటాను, ఎవరి చుట్టమో ఎవరికీ చెప్పను, ఆ మాత్రం ఒప్పుకోండి అని బతిమాలడానికే అయి ఉంటుంది.

ప్రభాకరన్ వాళ్ళమ్మ పేరు తంగం. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. పేరు చెప్పాను. చెయ్యి తుడుచుకుంటూ లేచింది.

"వాసుకి అంటే ఉషని పెంచిన అత్తే గదా? రాండమ్మా, లోపలికి రాండ."

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. కావాలనే. ఆమె చూసింది, చూపు తిప్పుకోలేదు.

"ఇది మీకు తెలియదని..." అన్నాను.

"తెలియకేం? మా మరిది కోవిల్‌పట్టిలోనే గదా ఉండేది. సంబంధం అనుకున్న దినమే సెప్పె. నా కొడుకు పోయి డాక్టర్ని అడిగె. అంటేది కాదు, బయపడేది కాదు అనె. అంతటితో ఆ మాట ముగిసె."

మజ్జిగలో కరివేపాకు తేలుతోంది. దాన్నే చూస్తున్నాను.

"నిశ్చయం దినం నేనే అడిగితిని పిల్లని, మీ అత్త యాడ, ఆమెకే గదా ముందు తాంబూలం ఇవ్వాలి అని. మండపానికి పొయ్యేదానికి ముందు, మీ అన్న ఇంటి వంటింట్లో. ఒంటిగానే ఉండె పిల్ల." తంగం నా ముఖం చూసి కాస్త తడబడింది. అయినా చెప్పింది. "అత్తకి ఊళ్ళు సూడాలని పిచ్చి, కొడైకి పోయె. దినం మార్చుకో అత్తా అని బతిమాలితే, నేను ఎంచుకున్న దినం మార్చను అని పోయె, అనె. నాకు మనసు కష్టమాయె. ఇంత పెంచి, ఇట్ల పోతారా ఎవురైనా అనుకుంటిని. తప్పుగా అనుకోవద్దండ."

మా అన్న పక్కన లేడు. ఎవరూ అడ్డుపడలేదు. ఈమె తాంబూలం చేత్తో పట్టుకుని నన్ను పిలవమంటోంది. ఉష ఆ మాట చెప్పింది.

నా నోటి నుంచి ఒక్క వాక్యమే వచ్చింది. "నేను ఎంచింది సెప్టెంబరమ్మా."

ఆమెకి అర్థం కాలేదు. ఎలా అవుతుంది. మజ్జిగ తాగి లేచాను. గుమ్మం దగ్గర తంగం నా చెయ్యి పట్టుకుంది. "పెళ్ళికి మీరు రాకుంటే నేను తాళి ఎత్తియ్యను. మీ అన్నకి నేనే ఫోన్ సేస్తా."

25 జూలై

అన్న ఎక్స్‌చేంజికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ "కోవిల్‌పట్టి ఎక్స్‌చేంజి, నంబరు చెప్పండి" అన్నాను. రెండుసార్లు పెట్టేశాడు. మూడోసారి మదురైలో ఎవరిదో నంబరు చెప్పాడు. కలిపాను.

11 సెప్టెంబరు, విరుదునగర్

పెళ్ళి అయింది. తంగం వచ్చి చెయ్యి పట్టుకుని నన్ను పీటల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్షతలు వేశాను. ఎవరూ లేచిపోలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. తూత్తుకుడి వైపు ఆడవాళ్ళు నాకు చోటిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. అన్న మాత్రం మండపం అంతా తిరుగుతూ నేనున్న వైపు రాలేదు.

ఉష తల ఎత్తలేదు. పెళ్ళికూతురు కదా, ఎత్తదు అన్నారు పక్కనున్న వాళ్ళు.

14 సెప్టెంబరు

మారియమ్మాళ్ దొరికింది. పూశాయి, కొండంతా నీలం, చూస్తే నమ్మవు అంది. విన్నాను. ఇంకో కాల్ వస్తోందని చెప్పి లైను మార్చాను. ఏ కాలూ రాలేదు.

18 సెప్టెంబరు, ఆదివారం

ఉష వచ్చింది. ఒంటరిగా. వాళ్ళత్తగారు పొమ్మని పంపిందట. కొత్త చీర, పసుపుతాడు. అన్నం పెట్టాను. తిన్నది. ఇద్దరం కలిసి పళ్ళేలు తీశాం.

"నాయన సెప్పమంటే సెప్పినా అత్తా" అంది.

"మీ నాయన వంటింట్లో లేడు ఉషా."

మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది. తర్వాత ఏడవకుండా చెప్పింది. అదొక్కటే నాకు నచ్చింది.

"కాలేజీలో రెండో ఏడు నువ్వు నన్ను సూసేదానికి వస్తివి. నువ్వు పోయినాక క్లాసు పిల్లలు నా గ్లాసులో నీళ్ళు తాగలే. వారం దినాలు. అప్పటినుంచి నాకు బయం అత్తా. తంగం అత్తమ్మ అడిగినప్పుడు ఆమెకి తెలుసని నాకు తెలియదు. నువ్వు రావని సెప్తే ఆ మాట ఇంక ఎవురూ ఎత్తరు అనుకుంటిని. నోటికి అది వచ్చేసె."

"జూన్‌లో పోదాం, ఇప్పుడైతే నేను నీదాన్ని అంటివే, అది?"

లేచి పళ్ళేలు తోమడం మొదలుపెట్టింది.

క్లాసు పిల్లల సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే నేనే ఇక కాలేజీకి వెళ్ళి ఉండేదాన్ని కాదు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే ఎలా మోసిందో ఆ వారం. ఆ జాలి నిజం. దాన్ని కొట్టివేయను. కాని ఆ జాలి వంటింట్లో చెప్పిన మాట దాకా వెళ్ళదు, మధ్యలో ఆగిపోతుంది. నేను తోసి చూశాను.

"నా మీద కోపమా అత్తా?"

దానికి జ్వరం వచ్చినా, పలక పగలగొట్టినా, పరీక్ష తప్పినా ఈ ప్రశ్న అడిగేది. లేదమ్మా అనడం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు.

"ఉంది" అన్నాను.

అది తల ఎత్తి చూసింది. ఇంత వరకూ నా నోట ఆ మాట విని ఉండదు.

"ఎన్ని దినాలు ఉంటాది?"

"తెలియదు. వస్తా ఉండు. వస్తే అన్నం పెడతా. ఉందా పోయిందా అని మాత్రం అడగొద్దు."

నాలుగు గంటల తూత్తుకుడి బస్సుకి తోడు వెళ్ళాను. కిటికీ పక్కన చోటు దొరికింది దానికి. బస్సు కదిలాక చెయ్యి ఊపింది. నేనూ ఊపానని రాయబోయి పెన్ను ఆపాను. ఊపలేదు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉన్నాను, చేతులు కిందనే ఉన్నాయి.